వాణిజ్య, అర్థశాస్త్ర గ్రంథాల అన్వేషణ: వర్గీకరణపై ఒక విమర్శ

గ్రంథాలయం గొప్పతనాన్ని పుస్తకాల సంఖ్యతో కొలవడం మనకు అలవాటు. వార్షిక నివేదికలలో ఇన్ని వేల గ్రంథాలు, ఇన్ని పత్రికలు అని వ్రాస్తారు. పాఠకుని వైపు నుండి చూస్తే కొలత వేరు. ఆయన మనసులో ఒక ప్రశ్న ఉన్నది. దానికి సమాధానం చెప్పే పుస్తకం ఏదో ఒక బీరువాలో ఉన్నది. ఈ రెంటికీ నడుమ దారి ఉన్నదా, లేదా? దారి లేనప్పుడు పుస్తకం ఉండీ లేనట్లే. వాణిజ్య, అర్థశాస్త్ర గ్రంథాల విషయంలో ఈ దారి ఎక్కడ తెగిపోతున్నదో, నెల్లూరు జిల్లా పడమటి ప్రాంతాల పాఠకునికి, అందునా ముస్లిం పాఠకునికి, దాని వల్ల కలిగే నష్టమేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలకు విశ్వవిద్యాలయం చిరకాలం దూరపు వస్తువే. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయమే ఒకప్పుడు ఈ జిల్లాకు దిక్కు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసింది. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడి, నెల్లూరుకు దక్షిణాన కాకుటూరులో నెలకొన్నది. ఇది సంతోషించదగిన మార్పు. అయినా ఉదయగిరిలో తెల్లవారుజామున బస్సెక్కిన విద్యార్థి ఆత్మకూరు, సంగం, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించి, నెల్లూరులో బస్సు మారి అక్కడికి చేరాలి. సాయంత్రం తిరుగు ప్రయాణం ఉండనే ఉన్నది. పుస్తకాల మధ్య గడపడానికి మిగిలేది మూడు నాలుగు గంటలు. గ్రంథాలయ శాస్త్రానికి రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాలలో నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయమన్నది. ఈ విద్యార్థి విషయంలో అది ఉపదేశం కాదు, అక్షరాలా అవసరం.

రెండు ప్రశ్నలు

విషయం స్పష్టం కావడానికి రెండు ప్రశ్నలను తీసుకుందాం.

ఉదయగిరి కొయ్య చెంచాలకు, గరిటెలకు పేరుపొందిన ఊరు. చుట్టుపట్ల అడవులలో దొరికే నర్ది, బిక్కి వంటి కలపతో చేసే ఈ వస్తువులకు భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. ఈ పని చేసే కుటుంబాలలో ముస్లింలు అనేకులు. అటువంటి కుటుంబం నుండి వచ్చిన ఒక విద్యార్థిని ఇలా అడుగుతుందనుకుందాం: “కలపకు ముందుగా డబ్బు కావాలి. వడ్డీకి తెచ్చుకోకుండా, పెట్టుబడి పెట్టేవాడికి లాభంలో పాలు ఇచ్చే ఏర్పాటు చేసుకోవచ్చా? దాని లెక్కలు ఎలా వ్రాయాలి? పదిమంది కలిసి సంఘంగా ఏర్పడితే చట్టం ఏమంటుంది?”

ఆత్మకూరు వ్యవసాయపు ఊళ్ళకు బజారు. అక్కడి చిల్లర వ్యాపారికి చీటీ లేనిదే సంవత్సరం గడవదు. ఆయన కుమారుని ప్రశ్న ఇది: “చీటీ పాటలో తగ్గించుకొని తీసుకునే మొత్తం వడ్డీ కిందికి వస్తుందా, రాదా? పాట లేని చీటీ ఎక్కడైనా నడుస్తున్నదా?”

ఇవి పరీక్షల కోసం పుట్టిన ప్రశ్నలు కావు. ఒక ఇంటి రాబడి, ఒక మనిషి హలాల్ హరామ్ విచక్షణ వీటిపై ఆధారపడి ఉన్నవి. రెంటికీ సమాధానాలున్న పుస్తకాలు లోకంలో ఉన్నాయి. ఒక మోస్తరు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వాటిలో కొన్నయినా దొరుకుతాయి. ఎక్కడ దొరుకుతాయన్నదే చిక్కు.

ఒక ప్రశ్న, ఎనిమిది బీరువాలు

మన దేశపు గ్రంథాలయాలలో ఎక్కువగా వాడుకలో ఉన్నది మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణ. జ్ఞానాన్నంతటినీ పది తరగతులుగా విభజించి ప్రతి విషయానికీ ఒక అంకె ఇవ్వడం దీని పద్ధతి. ఇందులో అర్థశాస్త్రం 330. బ్యాంకులు, ద్రవ్యం 332. సహకార సంఘాలు 334. పరిశ్రమలు 338. వ్యాపార నిర్వహణ మాత్రం 650లో ఉన్నది. జమాఖర్చుల లెక్క 657, అమ్మకాల విషయం 658.8.

అర్థశాస్త్రం సామాజిక శాస్త్రమనీ, వ్యాపారం ఉపయోగ కళ అనీ డ్యూయీ భావించినాడు. అందుచేత ధర ఎలా నిర్ణయమవుతుందో చెప్పే పుస్తకానికీ, ధర ఎలా నిర్ణయించుకోవాలో చెప్పే పుస్తకానికీ మధ్య భాషాశాస్త్రం, గణితం, భౌతిక శాస్త్రం, వైద్యం, వ్యవసాయం అడ్డుగా నిలిచినవి.

ఉదయగిరి విద్యార్థిని ప్రశ్నను ఈ పద్ధతిలో పెట్టి చూడండి. కొయ్య పనితనం 745.51లో ఉన్నది. చిన్న పరిశ్రమల ఆర్థిక స్థితి 338.642లో, సంఘం 334లో, లెక్కలు 657లో, అమ్మకం 658.8లో ఉన్నవి. భాగస్వామ్య చట్టం 346లో ఉంటుంది. లాభంలో పాలు ఇచ్చే ముదారబా గురించి ఫిఖ్హ్ ఏమన్నదో తెలుసుకోవాలంటే ఇస్లామీ ధర్మశాస్త్రపు అంకె 340.59. ఇస్లామీ అర్థశాస్త్రమంటూ ఆధునికులు వ్రాసినవి చాలావరకు 297.273లో, అంటే మత గ్రంథాల మధ్య ఉంటాయి. ఒకే ప్రశ్నకు ఎనిమిది చోట్లు. చేతిలో ఉన్నది మూడు గంటలు.

ఇతర పద్ధతులలోనూ ఈ విభజన తప్పలేదు. రంగనాథన్ ద్విబిందు వర్గీకరణలో అర్థశాస్త్రానికి ఎక్స్ అనే అక్షరం, ఇస్లాంకు క్యూ 7. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయ పద్ధతిలో అర్థశాస్త్రం హెచ్ తరగతిలోను, ఇస్లామీ అర్థశాస్త్రం బి.పి. తరగతిలోను ఉన్నవి.

వర్గీకరణకారుని తప్పెంత?

డ్యూయీ ఇస్లాంకు అన్యాయం చేసినాడనే విమర్శ పాతదే. అందులో నిజమున్నది. మత తరగతిలో 220 నుండి 280 వరకు క్రైస్తవ విషయాలకే కేటాయించి, ఇస్లాం సమస్తాన్నీ 297 అనే ఒక్క అంకెలో ఇరికించడం ఆ కాలపు అమెరికా దృష్టికి నిదర్శనం. ఐతే మన సమస్యకు ఇదొక్కటే కారణమనుకుంటే పొరపాటు.

మన పూర్వుల పద్ధతినే చూడండి. పదవ శతాబ్దంలో బాగ్దాదులో పుస్తకాల వ్యాపారం చేసిన ఇబ్నున్నదీమ్ తన ‘ఫిహ్రిస్త్’ను పది ప్రకరణాలుగా విభజించినాడు. ఆయన స్వయంగా వర్తకుడే. అయినా వర్తకానికి ఒక ప్రకరణం కేటాయించలేదు. ఖలీఫా హారూన్ రషీద్ కోసం పన్నుల విధానంపై ‘కితాబుల్ ఖరాజ్’ వ్రాసిన అబూ యూసుఫ్ అందులో న్యాయవేత్తల మధ్యనే కనబడతాడు. నేటికీ మదరసా గ్రంథాలయాలలో బీరువాలు తఫ్సీర్, హదీసు, ఫిఖ్హ్, మంతిఖ్ అనే శాస్త్రాల వారీగానే ఉంటాయి. పన్నెండవ శతాబ్దపు మర్గీనానీ ‘హిదాయా’లో క్రయవిక్రయాలు, జామీను, హవాలా, ముదారబా, తాకట్టు ఒక్కొక్కటీ ఒక ప్రకరణం. వాటిని సంవత్సరాల తరబడి చదివిన విద్యార్థికి ఆ విషయాలకు బజారు ఖాతా పుస్తకంతో సంబంధమున్నదని చెప్పే బీరువా అక్కడ కూడ లేదు.

పుస్తకం ఒక చోటనే నిలబడగలదు. విషయం పది చోట్లకు వ్యాపిస్తుంది. ఇబ్న్ ఖల్దూన్ ‘ముఖద్దిమా’లో శ్రమ, ధర, పన్ను, వర్తకం గురించి విలువైన ప్రకరణాలున్నా ఆ గ్రంథం చరిత్ర బీరువాలోనే ఉంటుంది, ఉండాలి కూడ. ఉదయగిరి సీమలో వెనుకటి పన్నులు, సుంకాల ఆధారాలు వెదకేవాడు బటర్‌వర్త్, వేణుగోపాల శెట్టి 1905లో ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు తిరగవేయాలి. అవి అర్థశాస్త్రం దరిదాపులలో ఉండవు. ఇందుకు వర్గీకరణకారుని నిందించి లాభం లేదు.

ఈ చెదిరిపోవడాన్ని డ్యూయీ ఎరుగును. అందుకే అంకెల పట్టికతో పాటు సాపేక్ష అనుక్రమణిక అనే దానిని జోడించినాడు. అంకెల పట్టిక విషయాలను చెదరగొడుతుంది. అనుక్రమణిక ఒక్క మాట కింద ఆ చెదిరిన చోట్లన్నిటినీ కూడగడుతుంది. మొత్తం పద్ధతిలో పాఠకునికి అత్యంత ఉపయోగమైన భాగం అదే. మన గ్రంథాలయాలు అంకెలను తెచ్చుకొన్నవి. ఆ అనుక్రమణికను మన మాటలలోకి తెచ్చుకోలేదు. నా ప్రధానమైన ఆక్షేపణ ఇది.

బజారు మాట, బీరువా మాట

మాటల సంగతి కొంచెం వివరంగా చూడాలి. ఆత్మకూరు బజారులో వ్యాపారి నోట వినిపించే మాటలివి: అసలు, బాకీ, జమ, ఖర్చు, వసూలు, వాయిదా, కిస్తు, బయానా, జామీను, దళారి, రసీదు. వీటిలో ఖర్చు, రసీదు పారశీకం నుండి వచ్చినవి. తక్కినవాటికి మూలం అరబ్బీ. ‘అసల్’ అంటే వేరు, మూలం. ‘బాఖీ’ అంటే మిగిలినది. ‘దామిన్’ అంటే పూచీ పడినవాడు. ఫిఖ్హ్ గ్రంథాలలోని పారిభాషిక పదాలు శతాబ్దాలుగా మతభేదం లేకుండా తెలుగువారి నాలుకపై నిలిచి ఉన్నవి. ‘అసలు’ అరబ్బీ, ‘వడ్డీ’ సంస్కృతపు ‘వృద్ధి’. రెండూ కలిసి ఒకే ప్రామిసరీ నోటులో కూర్చుంటున్నవి.

విశ్వవిద్యాలయంలో ఈ మాటలు చెల్లవు. అక్కడ మొదటి భాష ఇంగ్లీషు. రెండవది 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథాలతో స్థిరపడిన సంస్కృత పరిభాష: ద్రవ్యోల్బణం, ఉపాంత ప్రయోజనం, మూలధనం, పరపతి. అకాడమీ చేసిన సేవ తక్కువది కాదు. ఆ పదాలు లేనిదే తెలుగులో అర్థశాస్త్రం చెప్పడం సాధ్యమయ్యేది కాదు. కాని ‘మూలధనం’ చదివిన విద్యార్థికి అది తన తండ్రి చెప్పే ‘అసలు’కు, ‘పెట్టుబడి’కి ఎంత దగ్గరో, ఎంత దూరమో ఎవరూ చెప్పరు. ఇస్లామీ సాహిత్యాన్ని తెలుగు చేసే అనువాదకుల లోకంలోనూ ఇదే లోపం. ముదారబా అని అరబ్బీ పదాన్ని ఉన్నదున్నట్లు ఉంచడమో, నాలుగు సంస్కృత పదాల సమాసం కట్టడమో జరుగుతున్నది. ‘డబ్బు ఒకరిది, పని ఒకరిది, లాభంలో పాలు’ అంటే గొర్రెలను పాలుకు ఇచ్చే రైతుకు కూడ క్షణంలో అర్థమవుతుంది.

చీటీ ఉదాహరణ ఇంకా విచిత్రమైనది. ‘చీటీ’ అనే మాటతో వెదికితే 1982 నాటి చిట్ ఫండ్ల చట్టం దొరకవచ్చు. సమాజశాస్త్రజ్ఞులు ఈ ఏర్పాటుకు పెట్టిన పేరు వేరు. క్లిఫర్డ్ గీర్ట్స్ 1962లో దీనిని ‘తిరుగుడు పరపతి సంఘం’ అనే అర్థం వచ్చే పేరుతో పరిశీలించినాడు. 1964లో షర్లీ ఆర్డెనర్ వివిధ దేశాల చీటీలను పోల్చి వ్రాసిన ప్రసిద్ధ వ్యాసం మానవశాస్త్ర పత్రికలో వెలువడింది. వేలం లేకుండా వంతుల ప్రకారమో, లాటరీ ప్రకారమో నడిచే చీటీలు ఆసియా, ఆఫ్రికా దేశాలలో అనేకం ఉన్నట్లు ఈ పరిశోధనల వల్ల తెలుస్తుంది. ఆత్మకూరు కుర్రవాడు అడిగినది సరిగ్గా ఇదే. తన ఊరి చీటీ ఆ పేరుతో, మానవశాస్త్రపు బీరువాలో ఉన్నదని అతడు ఊహించగలడా?

కంప్యూటరు తీర్చిన కొరత, తీర్చనిది

ఇప్పుడు అంకెలతో పనేమిటి, కంప్యూటరులో మాట కొడితే పుస్తకం వస్తుంది గదా అని కొందరంటారు. కొంతవరకు నిజమే. పేరు తెలిసిన పుస్తకాన్ని పట్టుకోవడం మునుపటి కంటే చాల సులభమైనది. ఐతే యంత్రం వెదికేది గ్రంథసూచిలో నమోదైన మాటలను. పాఠకుని మనసులోని అర్థాన్ని కాదు. పేరులో ‘వడ్డీ’ లేని వడ్డీ పుస్తకం దానికి కనబడదు, విషయ శీర్షికలు శ్రద్ధగా వ్రాసి ఉంటే తప్ప.

ఉర్దూ, అరబ్బీ పేర్ల విషయంలో ఇబ్బంది మరింత ఎక్కువ. మౌదూదీ పేరును రోమన్ లిపిలో కనీసం మూడు నాలుగు రకాలుగా వ్రాస్తారు. ‘సూద్’ అనే చిన్న మాటకు రెండు వర్ణక్రమాలున్నవి. ‘కితాబుల్ ఖరాజ్’లో ‘అల్’ను ఒకరు కలుపుతారు, ఒకరు విడదీస్తారు. ఒక్క అక్షరం తేడా వస్తే ‘గ్రంథం లేదు’ అనే సమాధానం వస్తుంది. గ్రంథం రెండు బీరువాల అవతల దుమ్ము పట్టి ఉంటుంది. పాఠకుడు యంత్రం మాట నమ్మి వెళ్ళిపోతాడు. చెక్కపెట్టెలో కార్డులు తిప్పే రోజులలో పక్క కార్డయినా కంటపడేది.

2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం వల్ల 2025 నుండి రాష్ట్ర విశ్వవిద్యాలయాలతో సహా సుమారు 6,300 ప్రభుత్వ సంస్థలకు 13,000 దాకా అంతర్జాతీయ పత్రికలు అందుబాటులోకి వచ్చినవి. ఇది పెద్ద మేలు. కాని ఆ సముద్రమంతా దాదాపు ఇంగ్లీషే. పుస్తకాలు వేలల్లో ఉన్నప్పుడు దారి లేకపోవడం ఒక కష్టం. వ్యాసాలు లక్షల్లో ఉన్నప్పుడు దారి లేకపోవడం అంతకు మించిన కష్టం. అందుబాటు పెరిగే కొద్దీ అనుక్రమణిక అవసరం పెరుగుతుంది.

అర్ధజ్ఞానమనే నష్టం

ఈ లోపం వల్ల జరిగే నష్టం కాలయాపన ఒక్కటే అయితే ఇంత వ్రాయనవసరం లేదు. అసలు నష్టం వేరు. 297 దగ్గరకు వెళ్ళిన పాఠకునికి రిబా నిషిద్ధమన్న విషయం తెలుస్తుంది. 332 దగ్గరకు వెళ్ళిన పాఠకునికి వడ్డీ లెక్క తెలుస్తుంది. ఒకడు నిషేధం నేర్చుకొని ప్రత్యామ్నాయం తెలియక ఊరికి తిరిగి వస్తాడు. మరొకడు లెక్క నేర్చుకొని, వడ్డీ లేని ఏర్పాటు అంటే ఉపన్యాసాలలో చెప్పుకునే మాట అనుకుంటాడు. వీరిద్దరూ ఒకే వీధివారు కావచ్చు. ఒకరి ప్రశ్నకు జవాబు మరొకరి బీరువాలో ఉన్నది.

ఆ రెండు బీరువాలనూ కలిపిన వారు లేకపోలేదు. మన హైదరాబాదులోనే ఉస్మానియా విశ్వవిద్యాలయ అర్థశాస్త్ర శాఖకు చెందిన అన్వర్ ఇఖ్బాల్ ఖురేషీ 1946లో వడ్డీ సిద్ధాంతంపై ఇస్లాం దృష్టితో ఇంగ్లీషులో గ్రంథం వెలువరించినాడు. అలీగఢ్‌లో ఆచార్యుడైన నజాతుల్లా సిద్దీఖీ వడ్డీ లేని బ్యాంకుపై 1969లో ఉర్దూలో వ్రాసినాడు. 1981లో ఇంగ్లీషు, అరబ్బీ, ఉర్దూ ఆర్థిక రచనలను సమీక్షించి ఒక గ్రంథమే తెచ్చినాడు. ఈజిప్టులో మీత్ గమ్ర్ అనే చిన్న పట్టణంలో అహ్మద్ నజ్జార్ 1963లో రైతుల కోసం వడ్డీ లేని పొదుపు బ్యాంకు తెరిచినాడు. ఆ ప్రయోగం నాలుగైదేళ్ళే నడిచినా, తరువాతి ఇస్లామీ బ్యాంకులకు అది ఆద్యమైనది. దుబాయి భవనాల కంటె ఆ పొలాల మధ్య ఊరు ఉదయగిరికి దగ్గర చుట్టం.

ఇటు మద్రాసు రాజధానిలో గ్రామీణ ఋణాలపై ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897లలో సమర్పించిన నివేదికలు 1904 నాటి సహకార చట్టానికి దారి తీసినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రభుత్వ పెత్తనం లేకుండా సంఘం నడుపుకునే వీలు కల్పించింది. చెంచాలు చెక్కే ఇంటివారికి ఈ చట్టంతోను, ముదారబాతోను, జమాఖర్చుల పుస్తకంతోను ఒకేసారి పని ఉన్నది. అప్పును వాయిదాతో సహా వ్రాసిపెట్టుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని ఆదేశించే దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా 282వ వాక్యం ఆ గ్రంథమంతటిలోకి పొడవైన వాక్యమని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ వాక్యానికి, 657 అంకె గల బీరువాకు ఉన్న సంబంధాన్ని చూపే చీటీ ముక్క ఒక్కటి ఏ గోడకూ అంటించలేదు.

చేయదగిన పని

పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వర్గీకరణను మార్చనవసరం లేదు. వాణిజ్య, ఆర్థిక విషయాలకు రెండు మూడు వందల మాటలతో తెలుగు అనుక్రమణిక ఒకటి తయారుచేయాలి. మాటలు బజారు నుండి తీసుకోవాలి. అకాడమీ పదాన్ని, ఫిఖ్హ్ పదాన్ని పక్కన చేర్చాలి. మచ్చుకు కొన్ని:

వడ్డీ: 332.8. అధిక వడ్డీ: 332.83. రిబా నిషేధం: 297.273. ధర్మశాస్త్రంలో: 340.59.

తాకట్టు, కుదువ: 332.34. ఫిఖ్హ్‌లో రహన్: 340.59.

పాలు, భాగస్వామ్యం: చట్టంలో 346. ముదారబా, ముషారకా: 340.59, 297.273. లెక్కలు: 657.

జకాత్: 297.54. ప్రభుత్వ పన్నులతో పోల్చడానికి 336.

ఇటువంటి పట్టికను ఒక అర్థశాస్త్ర అధ్యాపకుడు, ఒక ఆలిం, ఒక గ్రంథపాలకుడు, బజారులో ఖాతాలు వ్రాసే ఒక గుమాస్తా కలిసి కూర్చుంటే ఒక వేసవి సెలవులలో పూర్తిచేయవచ్చు. గుమాస్తాను మరచిపోతే మళ్ళీ పుస్తకాల భాషే వస్తుంది. 297.273 బీరువా పక్కన ‘332, 334, 657 కూడ చూడుము’ అనీ, 332 పక్కన ‘297.273 చూడుము’ అనీ రెండు అట్టముక్కలు కట్టడానికి అంత కాలం కూడ అవసరం లేదు. ఉర్దూ పేర్లను అన్ని వర్ణక్రమాలతోను నమోదు చేయడం గ్రంథపాలకుని బాధ్యత.

ఆ పట్టిక ప్రతి ఒకటి ఉదయగిరి, ఆత్మకూరు వంటి ఊళ్ళ పౌర గ్రంథాలయాలలోనూ ఉండాలి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు సెస్సుగా చెల్లుతున్నవి. అంటే చెంచాలు చెక్కే ఇంటివారు, చిల్లర కొట్టు వ్యాపారి ఈ సేవకు ముందుగానే వెల చెల్లించి ఉన్నారు. బస్సెక్కేటప్పుడే విద్యార్థిని చేతిలో ఎనిమిది అంకెలు వ్రాసిన కాగితం ఉంటే, కాకుటూరులో ఆమెకు దొరికే మూడు గంటలూ వెదకడానికి కాక చదవడానికి దక్కుతాయి.